ముందు నీడ, ఆఖరున ఉయ్యాల: పిల్లల ఆటచోట్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఊళ్లో పిల్లలు ఆడుకునే చోటు గురించి అడగమని పోయిన సంచికలో కోరాం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహం నలుగురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: మా కాలనీలో 300 గజాల ఖాళీ స్థలం ఉంది. చందాలు వేసుకుంటే 3 లక్షల దాకా వస్తాయి. జారుడుబల్ల, ఉయ్యాలలు, తిరుగుడుబల్ల అన్నీ కలిసిన రంగుల సెట్టు ఒకటి చూశాం. కొనమంటారా?
– కాలనీ సంఘం సభ్యులు, విజయనగరం

జవాబు: ఇప్పుడే కొనకండి. ముందు ఒక్క ఉయ్యాల ఎంత చోటు తింటుందో లెక్క వేయండి. ఊగే పిల్లాడు ఎగిరి దూకుతాడు, పక్కనుంచి ఇంకొకడు పరిగెత్తుకొస్తాడు. అందుకని గొలుసు తగిలించిన దూలం ఎంత ఎత్తులో ఉంటే, దానికి రెండింతలు ముందు, రెండింతలు వెనక ఖాళీ వదలాలి. పక్కల్లో 1.8 మీటర్లు చొప్పున వదలాలి. దూలం 2.4 మీటర్ల ఎత్తున్న 3 మీటర్ల ఉయ్యాలకు 9.6 మీటర్ల పొడవు, 6.6 మీటర్ల వెడల్పు కావాలి. అంటే 63 చదరపు మీటర్లు, దగ్గర దగ్గర 76 గజాలు. మీ స్థలంలో నాలుగో వంతు దానికే పోయింది. దూలాన్ని 1.8 మీటర్లకు దించితే 57 గజాల్లో సరిపోతుంది, పడినా దెబ్బ తక్కువ. సెట్లు అమ్మేవాళ్లు ఈ ఖాళీ గురించి చెప్పరు. పరికరం కొలతే చెప్తారు. మీరు ఆ సెట్టు దింపితే 300 గజాల్లో పిల్లలు పరిగెత్తడానికి చోటుండదు. ఇద్దరు ఊగుతుంటే పదిమంది చూస్తూ నిలబడతారు.

కాబట్టి డబ్బు ఖర్చుపెట్టే వరస ఇది: నీరు, నీడ, నేల, కూర్చునే చోటు, చివరికి పరికరం.

నీటి సంగతి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడం వల్ల మన కాలనీల్లో ఖాళీ స్థలాలు దాదాపు అన్నీ పల్లమైపోయాయి. అక్టోబరు వానలకు నెలరోజులు నీరు నిలిచే చోట ఏం కట్టినా దండగే. గ్రావెల్ పోసి ఎత్తు పెంచండి. 50 అడుగులకు ఒక అడుగు వాలు వచ్చేలా కాలువ వైపు చదును చేయించండి. వాన పడ్డ మర్నాడు వెళ్లి ఎక్కడ నీళ్లు నిలిచాయో సున్నంతో గీయండి. ఎంత మంచి మేస్త్రీ అయినా మొదటిసారే వాలు సరిగ్గా రాదు, ఒకటికి రెండు వానలు చూడాలి.

నీడ. పిల్లలు ఆడేది సాయంత్రం. అప్పుడు ఎండ పడమర, నైరుతి నుంచి కొడుతుంది. చెట్లు ఆ రెండు వైపులా పెట్టాలి. గేటు పక్కన అందంగా ఉంటుందని తూర్పున పెడితే ఆటవేళకు నీడ అవతలి ఇంటి మీద పడుతుంది. వేప, కానుగ, పొగడ, నేరేడు మన గాలికి ఆగేవి. తురాయి, నిద్రగన్నేరు తొందరగా పెరుగుతాయి గానీ కొమ్మ పెళుసు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ చూసిన జిల్లాలకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతున గొయ్యి తీయండి. వేర్లు సంచిలో చుట్టుకుపోయిన ముదురు మొక్క వద్దు. వేరు సుడి తిరిగిన చెట్టు పదేళ్లకు గాలివానలో కూకటివేళ్లతో లేస్తుంది. పచ్చగన్నేరు, గన్నేరు, ఆముదం, ఉమ్మెత్త, గురివింద ఆవరణలో ఒక్కటి కూడా ఉండకూడదు. పచ్చగన్నేరు గింజ గుండెను ఆపగల విషం. చెట్లు నీడనిచ్చే వరకు నాలుగైదేళ్లు ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టుకోవచ్చు. దాన్ని కొక్కేలతోనే తగిలించండి. తుపాను హెచ్చరిక రాగానే పావుగంటలో దించేలా ఉండాలి, లేకపోతే వల స్తంభాలను కూడా పెకలించుకుపోతుంది.

నేల. మీ స్థలానికి అన్నిటికన్నా ఎక్కువ ఆటనిచ్చేది ఒక మట్టిదిబ్బ. మీటరు ఎత్తు, పైన 1.2 మీటర్ల వెడల్పు చదును, చుట్టూ మీటరు ఎత్తుకు రెండున్నర మీటర్ల వాలు. అడుగున అడ్డంగా 6.2 మీటర్లు వస్తుంది. లెక్కకు 12.4 ఘనపు మీటర్లు, అంటే నాలుగున్నర యూనిట్ల మట్టి (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). కూరితే దిగుతుంది గనుక ఆరు యూనిట్లు తెప్పించండి. అడుగు మందం చొప్పున పోసి, తడిపి, దిమ్మిస చేయాలి. ఒకేసారి గుట్టగా పోస్తే మొదటి వానకే జారుతుంది. పైన గరిక నాటి, వేరు పట్టేదాకా కొబ్బరిపీచు వల పరిచి మేకులు కొట్టండి. ఉద్దానం పక్కనే ఉన్న మనకు పీచుకు కొరత లేదు. ఒక వైపు మాత్రం వాలు కొంచెం నిటారుగా, మీటరుకు రెండు మీటర్లు ఉంచి అక్కడ జారుడుబల్ల వేయించండి. బల్ల దిబ్బను అంటిపెట్టుకుని ఉంటుంది గనుక నిచ్చెన ఉండదు, పైనుంచి పడే ఎత్తూ ఉండదు. జారుడుబల్ల దెబ్బల్లో చాలా వరకు ఎక్కేచోట, పైన నిలబడేచోట తగిలేవే. రేకు బల్ల అయితే ముఖం ఉత్తరానికో తూర్పుకో తిప్పాలి. ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఎండ తిన్న రేకు చంటిపిల్లల తొడలు కాలుస్తుంది.

ఇసుక గుంత 20 అడుగులు, 13 అడుగులు చాలు. అడుగున్నర లోతు తవ్వి, కింద నాలుగంగుళాల 20 ఎం.ఎం. కంకర, దానిపై నీటిని దిగనిచ్చి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, పైన అడుగు మందం ఇసుక. గుడ్డ లేకపోతే రెండేళ్లలో ఇసుక కంకరలోకి, అడుగు మట్టి ఇసుకలోకి చేరి బురద అవుతుంది. ఇసుక 260 ఘనపుటడుగులు పడుతుంది, మూడు యూనిట్లు చెప్పండి. నాగావళి, చంపావతి, వంశధారల ఏటి ఇసుకే వాడాలి. జల్లించి గాజుపెంకులు, రాళ్లు ఏరేయాలి. సముద్రపు ఇసుక దగ్గర్లో దొరుకుతుంది కదా అని తేకండి. భావనపాడు, కళింగపట్నం, శ్రీకూర్మం తీరం ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్‌తో పాటు మోనజైట్ అనే ఖనిజం ఉంటుంది. మోనజైట్‌లో ఉండేది థోరియం, రేడియోధార్మికత ఉన్న మూలకం. పైగా ఆ ఉప్పు ఇనుప కాళ్లను తినేస్తుంది.

ఉయ్యాల కింద, జారుడుబల్ల చివర కూడా అడుగు మందం ఇసుకే పోయండి. సిమెంటు, టైల్స్, గట్టి మట్టి, పలచటి పచ్చిక ఏవీ తలదెబ్బను ఆపలేవు. రంగు రబ్బరు టైల్స్ ఆపుతాయి గానీ మన ఎండలో ఉత్తకాళ్లకు పనికిరావు. కృత్రిమ పచ్చిక అంతకన్నా వేడి.

ఇంకా డబ్బు మిగిలితే, అప్పుడు పరికరం. జీఐ పైపు, మెత్తని రబ్బరు బెల్టు సీటు ఉన్న ఉయ్యాల తీసుకోండి. చెక్కపలక, ఇనుప సీటు వద్దు, వెనక నిలబడ్డ పిల్లల ముఖం పగులుతుంది. ఒక చట్రానికి రెండే సీట్లు, మధ్య 60, పక్క కాలుకు 75 సెంటీమీటర్ల ఎడం. కాంక్రీటు దిమ్మ పైఅంచు ఇసుక కింద పూర్తిగా మునిగి ఉండాలి. ఎక్కడ కటకటాలున్నా సందు 9 సెంటీమీటర్లకు తక్కువ లేదా 23కు ఎక్కువ ఉండేలా టేపుతో చూసుకోండి. ఆ మధ్య కొలతల్లో కాళ్లు, ఒళ్లు దూరిపోయి తల ఇరుక్కుంటుంది. పాత టైర్లు వాడితే అడుగున మూడు నాలుగు బెజ్జాలు పెట్టండి, లేకపోతే దోమల పెంపకమే. తీగ బయటికొచ్చిన రేడియల్ టైరు అసలు వద్దు. తిరుగుడుబల్ల 300 గజాల్లో పెట్టే వస్తువు కాదు.

ప్రశ్న: మా వీధి ఐదు మీటర్ల వెడల్పు. రెండు పెద్ద రోడ్లకు అడ్డదారి కావడంతో బళ్లు దూసుకుపోతాయి. స్పీడుబ్రేకరు వేయించుకున్నాం. అది సన్నగా, ఎత్తుగా గట్టులా ఉంది. బళ్లవాళ్లు పక్కన కాలువ దగ్గర సందులోంచి వెళ్తున్నారు. రాత్రి ఒకాయన దాని మీదే పడ్డారు. పిల్లల్ని బయటికి ఎలా వదలాలి?
– ఇద్దరు పిల్లల తల్లి, శ్రీకాకుళం

జవాబు: మీరు చెప్పినది బ్రేకరు కాదు, అడ్డుకట్ట. సన్నగా ఎత్తుగా ఉన్నది బండిని నెమ్మది చేయించదు, ఎగరేస్తుంది. వేగంగా వెళ్లేవాడికి ఒక్క కుదుపు, నెమ్మదిగా వెళ్లే ముసలాయనకు నడుము పోటు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత వేరు: బండి నడిచే దిశలో 3.7 మీటర్ల పొడవు, నడిమి ఎత్తు 10 సెంటీమీటర్లు, 17 మీటర్ల వ్యాసార్థంతో విల్లులా వంపు. దాని మీద 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటొచ్చు, 45తో వస్తే గట్టిగా తెలుస్తుంది. మీ వీధి వెడల్పుకు ఒక్కోదానికి 1.25 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది, సుమారు 44 ఘనపుటడుగులు. పోసేవాళ్లకు ఆ వంపు చేతివాటంగా రాదు. ప్లైవుడ్ పలకను ఆ వంపుకు కోసి అచ్చుగా పెట్టుకోమనండి.

ఒక్కటి వేస్తే దాటిన వెంటనే మళ్లీ పెంచుతారు. 100 నుంచి 120 మీటర్లకు ఒకటి ఉండాలి. కాలువ అంచు దాకా వేయాలి, వాననీటికి అడుగున గొట్టం పెట్టాలి. మీ వీధిలో తప్పు జరిగింది అక్కడే: నీటి కోసం వదిలిన సందు బళ్లకు దారైంది. తెలుపు, పసుపు చారలు, ముందు ఒక హెచ్చరిక బోర్డు, దగ్గర్లో వీధిదీపం లేకుండా బ్రేకరు వేయడం నేరంతో సమానం. మీరే కూలీని పెట్టి వేయించుకోకండి. ఎవరైనా పడితే బాధ్యత మీ మీదికొస్తుంది. వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి, ఆ కొలతలు అర్జీలోనే రాయండి. ‘స్పీడుబ్రేకరు కావాలి’ అని మాత్రమే రాస్తే మళ్లీ అదే గట్టు వస్తుంది.

బ్రేకరు కన్నా పనిచేసేది వీధి మూతిని సన్నం చేయడం. మలుపు విశాలంగా ఉంటే బండి వేగం తగ్గకుండానే తిరుగుతుంది. మలుపు దగ్గర అటూ ఇటూ కుండీలో, నాలుగు రాతి దిమ్మలో పెట్టి దారిని మూడున్నర మీటర్లకు తగ్గిస్తే ఎదురుగా ఏం వస్తుందో చూసుకుని తిరగాల్సిందే. అంబులెన్సు, చెత్తబండి దానిలోంచి వెళ్తాయి. దిమ్మల ఎత్తు రెండడుగులకు మించకూడదు. మూడేళ్ల పిల్ల ఎత్తు 95 సెంటీమీటర్లు ఉంటుంది. పార్కు చేసిన కారు, ఎత్తైన కుండీ వెనక ఆ పిల్ల మీకూ కనబడదు, బండి మీదవాడికీ కనబడదు. అందుకే మలుపుకు ఐదు మీటర్ల లోపల బళ్లు నిలపనివ్వకండి.

వేగం మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి, నడిపేవాడు పిల్లను చూసిన క్షణం నుంచి సుమారు 13 మీటర్లలో ఆగుతుంది. 50లో ఉంటే 28 మీటర్లు కావాలి. అంటే మీ ఇంటి ముందు పిల్లను చూసినవాడు మూడో ఇంటి ముందు ఆగుతాడు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊరివాళ్లు 1960ల చివర్లో ఇళ్ల మధ్య వీధుల్లో చెట్లు, బల్లలు, మలుపులు పెట్టి బండి మనిషి నడకతో సాగేలా చేశారు. 1976లో ఆ దేశం దానికి చట్టంలో చోటిచ్చింది. అక్కడ వీధి పిల్లలది, బండి చుట్టం. మీ వీధికీ అంతే చెల్లాలి.

ప్రశ్న: బాబూ, మా మనవడికి ఆరేళ్లు. ఈధిలోకి ఒగ్గేత్తే బళ్ల బయం, ఇంట్లో ఉంచితే ఫోను ఒగ్గడు. ఈ పన్నెండు అడుగుల సందులో గుంటలు ఏటాడతారు?
– ఒక తాతగారు, ఆమదాలవలస

జవాబు: తాతగారూ, సందు చిన్నదే గానీ ఆటకు చాలు. తొక్కుడుబిళ్లకు ఐదడుగులు, పదడుగులు సరిపోతుంది. గోలీలకు, బొంగరానికి, వామనగుంటలకు అంతకన్నా తక్కువ. ఏడు పెంకులాటకు మాత్రం బంతి విసిరే దూరం కావాలి, అది సందు పొడవునా ఉంది. పిల్లల కబడ్డీకి 11 మీటర్లు, 8 మీటర్లు కావాలి, అది బడి మైదానంలోనే.

మీరు చేయాల్సింది రెండు పనులు. రోజూ ఒకటే వేళ పెట్టండి, ఐదు నుంచి ఆరున్నర. ఆ వేళకు సందు రెండు మూతుల్లో ఒక్కో కుర్చీ వేసుకుని పెద్దవాళ్లు కూర్చోండి. కుర్చీలో మనిషి ఉంటే బండి దానంతటదే నెమ్మదిస్తుంది. కాకపోతే తాడు కట్టి దారి మూసేయకండి, బండి మీదవాడి మెడకు తగలొచ్చు. ఆదివారం పూట పూర్తిగా మూసుకోవాలంటే ట్రాఫిక్ పోలీసుల అనుమతి అడగాలి. 2013లో గురుగ్రామ్‌లో రాహ్‌గిరి పేరుతో రోడ్లు ఇలాగే ఆదివారాలు బళ్లకు మూసి జనానికి ఇచ్చారు. రెండో పని: నేల మీద తొక్కుడుబిళ్ల గళ్లు ఆయిల్ పెయింటుతో కాదు, సుద్దతోనో ముగ్గుతోనో గీయండి. నునుపు పెయింటు తడిస్తే జారుతుంది. పైగా గళ్లు రోజూ గీసుకోవడం కూడా పిల్లలకు ఆటే.

ఇంటి ముందు అరుగు ఉంటే పగలగొట్టించకండి. చాలామంది బండి పెట్టుకోడానికి అరుగు తీసేసి ర్యాంపు పోస్తున్నారు. పెద్దవాళ్లు కూర్చునే చోటు పోయిన వీధిలో పిల్లల్ని చూసేవాళ్లు ఉండరు.

ప్రశ్న: మా బడిలో ఏడో తరగతి దాటిన ఆడపిల్లలు సాయంత్రం పార్కుకు రావడం మానేస్తున్నారు. అబ్బాయిలు క్రికెట్ ఆడుతూ చోటంతా ఆక్రమిస్తారు. గేటు ఒకటే ఉంది, అక్కడే కుర్రాళ్లు నిలబడతారు.
– ఉపాధ్యాయురాలు, బొబ్బిలి

జవాబు: సమస్య పిల్లల సిగ్గులో లేదు, పార్కు నక్షాలో ఉంది. 1990ల చివర్లో వియన్నా నగరం ఇదే గమనించింది. తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులు వదిలేస్తున్నారు. వాళ్లు రెండు పార్కులను మార్చి చూశారు. ఒకే పెద్ద మైదానాన్ని చిన్న చిన్న చోట్లుగా విడగొట్టారు, దారులు పెంచారు, వాలీబాల్, బ్యాడ్మింటన్‌కు చోటిచ్చారు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు.

మీ ఊళ్లో చేయదగ్గది: రెండో గేటు పెట్టించండి, మొదటి దానికి ఎదురు వైపున. ఒకే గేటు ఉన్న చోటును ఎవరైనా నలుగురు మూసేయగలరు. ప్రహరీ పైభాగం కటకటాలుగా ఉండాలి, రోడ్డు మీద నడిచేవాళ్లకు లోపల కనబడాలి. మనిషెత్తు గోడ కాపలా కాదు, చాటు. ఒక మూల ఖోఖోకు 27 మీటర్లు, 16 మీటర్లు గుర్తు పెట్టి, వారంలో మూడు సాయంత్రాలు అది ఆడపిల్లలదని బోర్డు రాయించండి. వేళ రాయని బోర్డును ఎవరూ లెక్కచేయరు. ఎదురెదురుగా కూర్చునే బల్లలు వేయండి. ఈ వయసు పిల్లలకు కబుర్లు కూడా ఆటే.

దీపాలు మాత్రం వాయిదా వేయకండి. మనం రాష్ట్రానికి తూర్పు కొసన ఉన్నాం. నవంబరు చివర్లో ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది. బడి నాలుగుంబావుకు వదిలితే ఇంటికెళ్లి, ఏదైనా తిని వచ్చేసరికి అరగంట వెలుతురు మిగులుతుంది. ఆ మూడు నెలలు దీపం లేని పార్కు ఆడపిల్లలకు లేనట్టే. మధ్యలో ఎత్తైన ఒక్క ఫ్లడ్‌లైటు కన్నా దారి పొడవునా 4 మీటర్ల స్తంభాల మీద చిన్న దీపాలు మేలు. ఒకే పెద్ద దీపం చెట్ల కింద చిక్కటి నీడలు వేస్తుంది. మరుగుదొడ్డి గేటు దగ్గర, దీపం కింద ఉండాలి, వెనక మూలన కాదు.

కరణం మల్లీశ్వరి పెరిగిన జిల్లా పక్కనే ఉన్న ఊరు మీది. మీ పిల్లలకు కావలసింది ధైర్యవచనాలు కాదు, ఇంకో గేటు.

ప్రశ్న: పార్కులో ఓపెన్ జిమ్ పరికరాల మీద చిన్నపిల్లలు ఆడుతున్నారు. ఒక పాప వేలు నలిగింది.
– రాజాం

జవాబు: అవి 14 ఏళ్లు దాటినవాళ్లకు, లేదా 140 సెంటీమీటర్ల ఎత్తు దాటినవాళ్లకు తయారు చేసినవి. కీళ్లలో సందు పెద్దవాళ్ల వేలికి పట్టదు, పిల్లల వేలికి పడుతుంది. బరువైన లోలకం తల ఎత్తులో ఊగుతుంది. ‘పిల్లలు ముట్టరాదు’ బోర్డు ఒక్కటే సరిపోదు. జిమ్ముకూ ఆటచోటుకూ మధ్య నడుమెత్తు మొక్కల కంచె వేయించండి. అరిగి కదులుతున్న కీలు కనబడితే గొలుసుతో కట్టేసి ఆ రోజే మున్సిపాలిటీకి రాయండి.

ప్రశ్న: మా బాబు చక్రాల కుర్చీలో ఉంటాడు. పార్కు గేటు దగ్గర ఆవులు రాకుండా పెట్టిన తిరుగుడు చట్రం వల్ల లోపలికే వెళ్లలేకపోతున్నాం. వెళ్తే ఇసుకలో చక్రం దిగిపోతుంది.
– నెల్లిమర్ల

జవాబు: ఆ చట్రం తీసేయమని అడిగే హక్కు మీకు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇస్తుంది. ఆవులను ఆపడానికి వేరే దారి ఉంది: మీటరు వెడల్పు గేటు, స్ప్రింగు బందులు, తనంతట మూసుకునే గడియ. గడియ కుర్చీలో కూర్చున్నవాళ్ల చేతికి అందే ఎత్తులో ఉండాలి. గేటు తెరిచాక 90 సెంటీమీటర్లు ఖాళీ రావాలి. గడప ఉంటే 12 అడుగులకు ఒక అడుగు వాలుతో ర్యాంపు వేయాలి. అంతకన్నా నిటారుగా ఉంటే వెనక నెట్టేవాళ్లుంటే తప్ప ఎక్కలేరు, దిగేటప్పుడు కుర్చీ ముందుకు తూలుతుంది.

లోపల 1.2 మీటర్ల వెడల్పు గట్టి దారి ఇసుక గుంత అంచు దాకా, ఉయ్యాల దాకా వెళ్లాలి. కూడళ్లలో కుర్చీ తిరగడానికి ఒకటిన్నర మీటర్ల గుండ్రని చోటు ఉండాలి. ఇసుక దగ్గరికి బాబును తేలేకపోతే ఇసుకనే బాబు దగ్గరికి ఎత్తండి. సిమెంటు బల్లను తొట్టిలా పోయించండి. పైఅంచు 79 సెంటీమీటర్లకు మించకూడదు. కింద మోకాళ్లు దూరడానికి 61 సెంటీమీటర్ల ఎత్తు, 75 వెడల్పు, 43 లోతు ఖాళీ కావాలి. తరచూ జరిగే పొరపాటు, బల్ల కింద గోడ కట్టేయడం. అప్పుడు కుర్చీ పక్కవాటుగా ఆపి ఒళ్లు మెలితిప్పాల్సి వస్తుంది. ఆ బల్లను ఇసుక గుంతకు ఆనుకునే కట్టించండి. ఎక్కడో మూలన విడిగా కడితే బాబు ఒక్కడే ఆడుకుంటాడు.

ఉయ్యాలల్లో గంప ఆకారంలో వల ఉన్నది దొరికితే అదే వేయించండి. కూర్చోలేని పిల్లలు పడుకుని ఊగొచ్చు, పక్కన ఇంకో ఇద్దరు ఎక్కొచ్చు.

ప్రశ్న: మా లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలంలో ఇప్పుడు ఏదో కట్టడానికి పునాదులు తీస్తున్నారు. ఎవరిని అడగాలి?
– శ్రీకాకుళం

జవాబు: ముందు కాగితం సంపాదించండి, గొడవ తరువాత. ఇప్పటి నిబంధనల ప్రకారం లేఅవుట్‌లో కనీసం 10 శాతం ఖాళీ స్థలం వదిలి, దాన్ని స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్‌గా రాసివ్వాలి. మీ అమ్మకపు దస్తావేజులో లేఅవుట్ నంబరు ఉంటుంది. దాన్ని పట్టుకుని టౌన్‌ప్లానింగ్ విభాగంలో ఆమోదించిన నక్షా నకలు, గిఫ్ట్ డీడ్ నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘పార్కు ఎందుకు ఆక్రమించారు’ అని అడగకండి, దానికి జవాబు రాదు. ‘ఫలానా నంబరు లేఅవుట్‌లో ఖాళీ స్థలం విస్తీర్ణం, హద్దులు, గిఫ్ట్ డీడ్ నంబరు, దానిలో నిర్మాణానికి ఇచ్చిన అనుమతి నకలు’ అని అడగండి.

అది వచ్చేలోగా పునాదులు లేస్తాయి. కాబట్టి ఈరోజే తేదీ పడేలా ఫొటోలు తీసి, కమిషనరుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వండి. పార్కులు, ఆటస్థలాలు కల్పించడం పట్టణ సంస్థల పని అని రాజ్యాంగం 12వ షెడ్యూలు చెప్తుంది. కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన బెంగళూరు మెడికల్ ట్రస్టు తీర్పు మీకు అండ. అక్కడ పార్కు స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చారు, చుట్టుపక్కలవాళ్లు అడ్డుకున్నారు, కోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రి మంచిదే కదా అన్న వాదన కూడా నిలవలేదు. మీ దగ్గర లేస్తున్నది గుడైనా, సంఘం హాలైనా ఇదే చెప్పండి.

వాడకంలో లేని ఖాళీ జాగాకే ఇలాంటి ఆపద వస్తుంది. ముళ్లు కొట్టి, చదును చేసి, సాయంత్రం ఇరవైమంది పిల్లలు ఆడుతున్న స్థలంలో పునాది తీయడానికి చెయ్యి రాదు.

ప్రశ్న: ఇసుక గుంత కట్టాం. కుక్కలు, పిల్లులు పాడుచేస్తున్నాయి. మూసేద్దామంటున్నారు.
– పలాస

జవాబు: మూసేయకండి. కుక్కల, పిల్లుల మలంలోని ఏలికపాము గుడ్లు బయటపడగానే అంటుకోవు. అందుకు రెండు వారాలకు పైగా పడుతుంది. అంటే రోజూ పొద్దున్నే ఒకరు చేటతో ఏరిపారేస్తే ప్రమాదంలో ఎక్కువ భాగం పోతుంది. కొంకిపురుగు పిల్లలు మాత్రం తడి ఇసుకలో తొందరగా తయారై పాదాల చర్మంలోంచి దూరతాయి. పాదం మీద దురదతో పాములా పాకే ఎర్ర గీత కనబడితే డాక్టరుకు చూపించండి. వాటికి ఎండ పడదు. వారానికి రెండుసార్లు పారతో ఇసుకను అడుగు దాకా తిరగేస్తే చాలు.

రాత్రిపూట కప్పడానికి టార్పాలిన్ వాడకండి, తేమ లోపలే నిలిచి పురుగుకు మంచిదవుతుంది. మీ తీరంలో దొరికే చేపల వలను చెక్క చట్రానికి బిగుతుగా కొట్టి పరిస్తే గాలి, వాన వెళ్తాయి, జంతువు దిగదు. వల వదులుగా ఉంటే పిల్లల కాళ్లకు చుట్టుకుంటుంది, చట్రం లేకుండా వేయకండి. ఇద్దరు ఎత్తగలిగేలా రెండు ముక్కలుగా చేయించండి.

వీధికుక్కలకు అన్నం పెట్టేవాళ్లను తిట్టి లాభం లేదు, చోటు మార్చమనండి. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లోనే తిండి పెట్టే చోటు పిల్లల ఆటచోటుకు దూరంగా ఉండాలని ఉంది. కుక్క కరిస్తే, గీరినా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, కట్టు కట్టకుండా అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. పసుపు, సున్నం, కారం పెట్టకండి.

ఇసుక ఏడాదికోసారి పై అరడుగు మార్చాలి. వానల ముందు మారిస్తే కొత్తదీ కొట్టుకుపోతుంది. తుపాన్లు వెళ్లాక, డిసెంబరు రెండో వారంలో మార్చండి. అప్పుడే ఉయ్యాల గొలుసు లింకులు కూడా విప్పి చూడండి. మూడో వంతు అరిగిన లింకు కనబడితే ఆ ఒక్కటే కాదు, గొలుసు మొత్తం మార్చేయాలి.